వేసవిలో తేనెపెట్టెల సంరక్షణ: అభిరుచిగా ఈగలను పెంచేవారికి సమగ్ర మార్గదర్శి

అభిరుచి కొద్దీ రెండు మూడు తేనెపెట్టెలు పెట్టుకున్నవారికి వేసవి రెండు రూపాల్లో ఎదురవుతుంది. చుట్టుపక్కల పూలు విరగబూసి మకరందం సమృద్ధిగా దొరికే వేసవి ఒకటి, ఎండ ముదిరి పూలు మాడిపోయి ఈగలు నిల్వలు తిని బతికే వేసవి మరొకటి. కొన్ని చోట్ల ఈ రెండూ కొద్ది వారాల తేడాతో ఒకే వేసవిలో వస్తాయి. మొదటి పరిస్థితిలో తప్పనిసరి అయిన పని రెండో పరిస్థితిలో హానికరం కావచ్చు. అందుచేత ఫలానా నెలలో ఫలానా పని అని చెప్పే పట్టికలపై నాకు పెద్దగా నమ్మకం లేదు. పెట్టె ముందు నిలబడి ఆనాటి పరిస్థితిని గుర్తించడం, దానికి తగిన పనిని ఎంచుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది. ఇందులోని విషయాలు కదిలించగల చట్రాలున్న పెట్టెలకు వర్తిస్తాయి. యూరోపియన్ తేనెటీగకూ (ఏపిస్ మెల్లిఫెరా) ఆసియా తేనెటీగకూ (ఏపిస్ సెరానా) తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. మూత తీయకముందే బయటి నుంచి చదవడం

పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ద్వారం పక్కన, ఈగల దారికి అడ్డం రాకుండా నిలబడాలి. మకరందం బాగా వస్తున్నప్పుడు తిరిగి వచ్చే ఈగలు బరువుగా, కొన్ని ద్వారానికి కాస్త ముందే వాలుతాయి. సాయంత్రం వేళ ద్వారం దగ్గర వరుసగా నిలబడి రెక్కలు ఆడించే ఈగలు, పెట్టె నుంచి వచ్చే తీపి వాసన కూడా సమృద్ధికి గుర్తులే. కరువు మొదలైతే ఈగలు మూత సందులను, పెట్టె అతుకులను వాసన చూస్తూ తిరుగుతాయి, కాపలా ఈగలు వచ్చిన ప్రతి ఈగనూ నిలదీస్తాయి, పోతుటీగలను కూలి ఈగలు బయటికి ఈడ్చిపారేస్తాయి. కాళ్లకు పుప్పొడి మూటలతో ఈగలు లోపలికి పోతూ ఉంటే లోపల పిల్లలు పెరుగుతున్నాయనడానికి అది మంచి సూచనే కానీ, రాణి ఉన్నదని చెప్పడానికి అదొక్కటే చాలదు.

దీనికి తోడు బరువు చూడడం అలవాటు చేసుకోవాలి. వేలాడదీసే తూకపు కాటాతో పెట్టెను ఒక పక్క కొద్దిగా లేపి ఆ అంకె రాసుకుని, ఎదుటి పక్క కూడా అలాగే చేసి, రెండూ కలిపితే పెట్టె బరువు సుమారుగా తెలుస్తుంది. వారం వారం ఈ అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలిస్తే, పెట్టె విప్పి చూడవలసిన సందర్భాలు చాలావరకు తగ్గిపోతాయి.

2. నీరు

పిల్లలున్న భాగాన్ని ఈగలు సుమారు 34 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలుపుకుంటాయి. బయట ఎండ ముదిరితే నీటి బొట్లను తెచ్చి అరల (తేనెపట్టులోని చిన్న మైనపు గదుల) అంచుల మీద పలచగా పరిచి, రెక్కలతో గాలి విసిరి ఆవిరి చేసి చల్లబరుస్తాయి. చిక్కని తేనెను పలచబరచి పిల్లలకు మేత తయారు చేయడానికి కూడా నీరే కావాలి. బలమైన కుటుంబం తీవ్రమైన ఎండ ఉన్న రోజున లీటరు దాకా నీరు తేగలదు.

నీటి తొట్టిని ఎండలు ముదరకముందే ఏర్పాటు చేయాలి, ఎందుకంటే ఈగలు ఒకసారి పొరుగింటి కుళాయికో ఈత కొలనుకో అలవాటు పడితే వాటిని అక్కడి నుంచి మళ్లించడం చాలా కష్టం. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు, చెక్కముక్కలు, బెరడు తునకలు వేసి, వాటి పైభాగం తడిగా ఉంటూ మునగకుండా నీరు పోయాలి. కాలు పెట్టే చోటు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. తొట్టిని పెట్టెల ద్వారానికి ఎదురుగా పెడితే పైన ఎగిరే ఈగల మలం అందులో పడుతుంది కనుక, కొన్ని మీటర్లు పక్కకు, కొంత నీడలో పెట్టడం మేలు. ఈగలు నీటిని వాసన పట్టి గుర్తిస్తాయి, అందుకే తేటనీటి కన్నా నాచు పట్టిన నీటిపై వాటికి మక్కువ ఎక్కువ. తొట్టి ఒక్కరోజైనా ఎండిపోకూడదు.

3. నీడ, గాలి

తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కానీ, అంతకు చాలా ముందే మెత్తబడి బలం కోల్పోతుంది. తీగలు లేని కొత్త పట్టు, అందులోనూ తేనెతో నిండినది, ఎండలో కూలిపోవచ్చు. కూలితే తేనెలో ఈగలు, పిల్లలు తడిసి చావడమే కాక, ఆ వాసనకు చుట్టుపక్కల ఈగలన్నీ దోపిడీకి దిగుతాయి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే స్థలం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే మూత మీద లేత రంగు వేయడం, మూతకు కొద్దిగా ఎత్తులో మరొక పలక నిలపడం చేయవచ్చు.

గాలి విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. పెట్టె నలుమూలలా సందులు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఈగలు ద్వారం ఒక పక్క నుంచి గాలి లోపలికి, మరొక పక్క నుంచి బయటికి పోయేలా తామే ఏర్పాటు చేసుకుంటాయి. ఎక్కడపడితే అక్కడ సందులుంటే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది, పైగా కరువులో ప్రతి సందూ దొంగ ఈగలకు తలుపవుతుంది. బలమైన కుటుంబానికి ద్వారం పూర్తిగా తెరిచి ఉంచి, జాలీ అడుగు పలక ఉంటే దాని కింద మూత తీసి, పైమూత కింద ఈగ దూరలేనంత సన్నని సందు ఒకటి ఇస్తే సాధారణంగా సరిపోతుంది.

వేడి సాయంత్రాల్లో వేలకొద్దీ ఈగలు పెట్టె ముందు గుత్తిగా వేలాడడం చూసి కొత్తవారు కంగారుపడతారు. లోపల రద్దీ, వేడి తగ్గించుకోవడానికే అవి అలా బయటికి వస్తాయి. రాత్రి చల్లబడ్డాక చాలావరకు లోపలికి పోతాయి. ఆ సమయంలో పొగ పెట్టి, మూత తీసి, వాటిని ఇబ్బంది పెట్టవలసిన పని లేదు. చల్లటి ఉదయాన కూడా గుత్తి అలాగే ఉంటే మాత్రం లోపల చోటు చాలడం లేదేమో, గుంపు విడిపోయే (పాత రాణితో సగం ఈగలు ఎగిరిపోయే) సన్నాహం ఏదైనా ఉందేమో చూడాలి. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ల కింద పెట్టే నీటి గిన్నెలు వేసవిలో త్వరగా ఎండుతాయని కూడా గుర్తుంచుకోవాలి.

4. పెట్టె తనిఖీ

ప్రతి తనిఖీకి ముందు ఒక ప్రశ్న రాసుకోవడం మంచి పద్ధతి. రాణి గుడ్లు పెడుతోందా? కొత్త రాణిని పెంచే పెద్ద అరలు, అంటే రాణి అరలు, కట్టాయా? తేనె గది (పిల్లల గది పైన తేనె నిల్వకు పెట్టే పెట్టె) నిండిందా? ప్రశ్న లేకపోతే పెట్టె విప్పనక్కరలేదు, జవాబు దొరికిన వెంటనే మూసేయాలి.

ఎండ రోజుల్లో మేత ఈగలు బయటికి వెళ్లి, వేడి ఇంకా ముదరని ఉదయం వేళ ఇందుకు అనువైనది. పొగడబ్బాలో ఎండు గడ్డి, గోనెపట్టా పీలికలు, రంపపు పొట్టు వంటివి బాగా రాజేసి, పైన పచ్చి ఆకులు కొద్దిగా వేస్తే చల్లటి, దట్టమైన తెల్లపొగ వస్తుంది. పొగను చేతి మీద పట్టి చూసి వేడిగా తగిలితే ఈగలపై వాడకూడదు. చుట్టూ ఎండుగడ్డి ఉండే కాలం కనుక బకెట్టు నీళ్లు పక్కన ఉండాలి. ద్వారం దగ్గర రెండు మూడు సార్లు పొగ ఊది, ఒక నిమిషం ఆగి, పెట్టెకు పక్కగానో వెనుకగానో నిలబడి మూత తీయాలి.

మొదట అంచు చట్రాన్ని తీసి పక్కన నీడలో ఆనించి పెడితే, మిగిలినవాటిని ఈగలు నలగకుండా జరపడానికి చోటు దొరుకుతుంది. ప్రతి చట్రాన్నీ పెట్టె పైననే పట్టుకుని చూడాలి, రాణి జారిపడినా లోపలే పడుతుంది. వెలుగు భుజం మీదుగా అరల లోపలి అడుగున పడేలా పట్టుకుంటే గుడ్లు కనిపిస్తాయి. గుడ్డు మూడు రోజులు ఉంటుంది, మొదట నిలువుగా ఉండి క్రమంగా పక్కకు ఒరుగుతుంది. ఒక్కో అరలో అడుగున ఒక్కో గుడ్డు కనిపించిందంటే గత మూడు రోజుల్లో రాణి అక్కడ ఉన్నట్టే, రాణిని వెతకనవసరం లేదు. కొత్తవారు రాణి కోసం చట్రాలన్నీ తిరగేయడంలోనే ఎక్కువ హాని జరుగుతుంది.

మెల్లిఫెరా కూలి ఈగ గుడ్డుగా సుమారు 3 రోజులు, మూత లేని అరలో పురుగుగా 6 రోజులు, మూత పడ్డ అరలో 12 రోజులు ఉండి, 21వ రోజున బయటికి వస్తుంది. అంటే నిలకడగా గుడ్లు పెట్టే రాణి ఉన్న పెట్టెలో గుడ్లు, పురుగులు, మూసిన అరలు దాదాపు 1:2:4 పాళ్లలో ఉండాలి. గుడ్లు, పురుగులు బాగా తగ్గి మూసిన అరలే ఎక్కువగా ఉంటే రాణి గుడ్లు పెట్టడం తగ్గించిందన్నమాట. మేత కరువు వల్లనా, రాణి ముసలిదవడం వల్లనా, గుంపు విడిపోయే ముందు సన్నబడడం వల్లనా అన్నది మిగతా గుర్తులతో తేల్చుకోవాలి. సెరానాలో కూలి ఈగ ఒకటి రెండు రోజులు ముందే బయటికి వస్తుంది.

కొత్త మకరందం నిండిన చట్రాన్ని అడ్డంగా వంచితే అది కారిపోతుంది, వేడికి మెత్తబడ్డ పట్టు అయితే విరిగిపోతుంది, కనుక ఎప్పుడూ నిలువుగానే తిప్పాలి. చట్రాలను తీసిన వరుసలోనే, తీసిన ముఖం అటే ఉండేలా తిరిగి పెట్టాలి. చూడని చట్రాల మీద తడిగుడ్డ కప్పితే పిల్లలకు ఎండ తగలదు, ఈగలూ నెమ్మదిగా ఉంటాయి. పదిహేను నిమిషాలకు మించి పెట్టె తెరిచి ఉంచకూడదు, కరువు కాలంలో అందులో సగం చాలు.

5. గుంపు విడిపోకుండా చూడడం

మకరందం వస్తున్నంత కాలం ఈ ప్రశ్నే ప్రధానం. గుడ్డు నుంచి రాణి వెలువడడానికి 16 రోజులు పడుతుంది, 8 లేదా 9వ రోజున రాణి అర మూసుకుంటుంది, దాదాపు ఆ సమయానికే పాత రాణి సగం ఈగలతో ఎగిరిపోతుంది. వారానికొకసారి తనిఖీ చేయాలనే నియమం ఈ లెక్కలోంచే వచ్చింది. పట్టు అడుగు అంచుల వెంట వేరుశనగ కాయ ఆకారంలో వేలాడే అరలు అనేకం ఉంటే అది విడిపోయే సన్నాహం. పట్టు మధ్యలో ఒకటి రెండే ఉంటే పాత రాణిని మార్చుకునే ప్రయత్నం కావచ్చు, దానిలో జోక్యం చేసుకోకపోవడమే మంచిది. ఖాళీ గిన్నెల వంటి అరలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, వాటిలో గుడ్డో తెల్లని పాల వంటి మేతో కనిపించినప్పుడే పట్టించుకోవాలి.

రాణి అరలను గిల్లి పారేస్తూ పోవడం పరిష్కారం కాదు. ఒక్కటి కంటపడకపోయినా గుంపు పోతుంది, అన్నీ తీసేసే సమయానికి పాత రాణి వెళ్లిపోయి ఉంటే కుటుంబానికి రాణే లేకుండా పోతుంది. కుటుంబాన్ని మనమే విడదీయడం దీనికన్నా నమ్మదగిన పద్ధతి. పాత పెట్టెను కనీసం ఒకటి రెండు మీటర్లు పక్కకు జరిపి, ఆ స్థానంలో కొత్త పెట్టె పెట్టాలి. రాణి ఉన్న చట్రాన్ని, దాని మీద రాణి అరలేమీ లేవని చూసుకుని, కొత్త పెట్టెలో మధ్యన ఉంచి, మిగతా చోటు ఖాళీ పట్టులతోనో మైనపు షీట్లు బిగించిన చట్రాలతోనో నింపాలి. తేనె గది ఉంటే దీనిపైనే పెట్టాలి. మేతకు ఎగిరే ఈగలన్నీ అలవాటు కొద్దీ పాత స్థానానికే, అంటే పాత రాణి దగ్గరికే వచ్చేస్తాయి. పక్కకు జరిపిన పెట్టెలో పిల్లలు, లేత ఈగలు, రాణి అరలు మిగులుతాయి. అక్కడ బాగున్న అరలు ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసేయాలి. కొత్త రాణి వెలువడి, జతకట్టి, గుడ్లు మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ లోపల ఆ పెట్టెను కదిలించకూడదు.

6. తేనె గది చేర్చడం

పది చట్రాల పిల్లల గదిలో ఏడెనిమిది చట్రాలు ఈగలతో నిండి, పై అంచుల్లో కొత్త తెల్లమైనం కనిపిస్తే తేనె గది వేసే సమయం వచ్చినట్టు. తెచ్చిన మకరందంలో సగానికి పైగా నీరే ఉండవచ్చు. దాన్ని ఆరబెట్టడానికి ఈగలు పలచగా అనేక అరల్లో పరుస్తాయి కనుక, చివరికి తయారయ్యే తేనె కన్నా చాలా ఎక్కువ చోటు కావాలి. కట్టి ఉన్న పట్టులు వేస్తే ఈగలు వెంటనే ఎక్కుతాయి, ఉత్త మైనపు షీట్లు మాత్రమే ఉంటే రాణి పైకి రాకుండా ఆపే అడ్డుజాలీని దాటడానికి జంకుతాయి. అలాంటప్పుడు కొన్ని రోజులు జాలీ తీసి, పట్టు కట్టడం మొదలయ్యాక, రాణి కిందే ఉన్నదని చూసుకుని తిరిగి పెట్టవచ్చు. కరువులో ఖాళీ గది వేస్తే ఈగలు కాపాడలేని పట్టుల్లో మైనపు చిమ్మట చేరుతుంది.

7. తేనె తీయడం

పట్టులో కనీసం నాలుగింట మూడు వంతుల అరలకు మూత పడేవరకు ఆగాలి. చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒకసారి గట్టిగా విదిలించినప్పుడు మూత లేని అరల నుంచి బొట్లు రాలితే అది ఇంకా పండలేదు. తేమ కొలిచే రిఫ్రాక్టోమీటరు ఉంటే తేమ 18 శాతం దగ్గర ఉండేలా చూసుకోవడం ఉత్తమం. అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ సాధారణ తేనెకు 20 శాతం గరిష్ఠ పరిమితి పెట్టింది. తేమ ఆ పరిమితి దాటితే తేనె పులిసే ప్రమాదం ఎక్కువ. సెరానా తేనెలో తేమ తరచుగా ఎక్కువగా ఉంటుంది కనుక ఆ ఈగలను పెంచేవారు ఇంకాస్త ఓపిక పట్టాలి. ఈగలను పీడించే వర్రోవా నల్లులకు (9వ భాగం చూడండి) మందు వేసిన సమయంలో పెట్టె మీద ఉన్న తేనెను, ఆ మందు చీటీ అనుమతించకపోతే, మనుషుల కోసం తీయకూడదు.

చట్రాల మీది ఈగలను మెత్తని బ్రష్‌తో తోసి, ఈగలు లేకుండా చేసిన ప్రతి చట్రాన్నీ వెంటనే మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఈగలు రాని గదిలోకి చేర్చాలి. తేనె గోరువెచ్చగా ఉండగానే తీయడం, వడకట్టడం తేలిక. వడకట్టాక ఒకటి రెండు రోజులు మూత పెట్టి ఉంచితే నురగ, మైనపు తునకలు పైకి తేలుతాయి. తేనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కనుక గట్టి మూత తప్పనిసరి. ఖాళీ అయిన తడి చట్రాలను చీకటి పడే వేళ పెట్టెలకు తిరిగి ఇస్తే ఈగలు రాత్రికి రాత్రే నాకి శుభ్రం చేస్తాయి. పిల్లల గదిలోని తేనె ఈగలది. తేనె గదిలోది కూడా, కరువు ముందుందని తెలిస్తే, కొంత వాటికే వదలాలి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె పెట్టకూడదు, బొటులిజం అనే తీవ్రమైన జబ్బు ప్రమాదం ఉంటుంది.

8. కరువు, దోపిడీ

పెట్టె తేలికబడి, చట్రాల్లో పిల్లల చుట్టూ తేనె వలయం కనిపించకపోతే మేత ఇవ్వాలి. చక్కెర, నీరు సమాన బరువులో కలిపిన పాకం సరిపోతుంది. దాన్ని పెట్టె లోపల, సాయంత్రం చీకటి పడే ముందు, ఒక్క బొట్టు బయట ఒలకకుండా పెట్టాలి. ఆరుబయట పళ్లెంలో పోస్తే బలమైన కుటుంబాలే తాగుతాయి, రోగాలు వ్యాపిస్తాయి, దోపిడీ మొదలవుతుంది. ఎక్కడిదో తెలియని తేనెను మేతగా ఇవ్వకూడదు. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే పిల్లల రోగం బీజాలు అందులో ఉండవచ్చు, అవి దశాబ్దాలు బతుకుతాయి. తేనె గదిలో మనం తీయబోయే తేనె ఉండగా పాకం ఇవ్వకూడదు, పాకం అందులో కలుస్తుంది.

దోపిడీని లేత ఈగల విహారంతో పొరబడడం సులువు. మధ్యాహ్నం వేళ లేత ఈగలు పెట్టె వైపు ముఖం పెట్టి చిన్న చాపాలుగా ఎగురుతూ, కాసేపటికి సద్దుమణుగుతాయి. దోపిడీలో ఈగలు పక్కలకు ఊగుతూ సందులు వెతుకుతాయి, ద్వారం మీద కుస్తీ పడతాయి, చచ్చిన ఈగలు కింద పడతాయి, పొట్ట నిండిన దొంగలు గోడ మీద కాస్త పైకి పాకి ఎగురుతాయి. గుర్తించిన వెంటనే ద్వారాన్ని ఒక ఈగ పట్టేంత సందుకు కుదించి, ఇతర సందులన్నీ మూసి, తడిగుడ్డను పెట్టె ముందు వేలాడదీయాలి. పొగ పెడితే కాపలా ఈగలే అయోమయపడతాయి. కరువు మొదలవుతున్నదని తెలిసిన రోజే బలహీనమైన పెట్టెల ద్వారాలు కుదించి ఉంచితే ఇదంతా అవసరం రాదు. సెరానా కుటుంబమైతే మేత తగ్గినా, వేడి ఎక్కువైనా, చీమలు వేధించినా పెట్టెనే వదిలి వెళ్లిపోగలదు, కనుక దానికి మేత ముందుగానే ఇవ్వాలి.

9. వర్రోవా నల్లి లెక్క

మెల్లిఫెరా పెంచేవారు వేసవిలో వాయిదా వేయకూడని పని ఇదే. మూసిన అరల్లో పెరిగే ఈ నల్లి, వేసవి చివర ఈగల సంఖ్య తగ్గుతున్నా తాను పెరుగుతూ పోతుంది. పిల్లలున్న చట్రం మీద రాణి లేదని నిశ్చయించుకుని, సుమారు 300 ఈగలను, అంటే సగం కప్పు కొలతను, జాలీ మూత ఉన్న సీసాలోకి దులిపి, ఆల్కహాల్ పోసి ఒక నిమిషం ఊపి, జాలీ గుండా వడకట్టి నల్లులను లెక్కపెట్టాలి. ఆ అంకెను మూడుతో భాగిస్తే వందకు ఎన్నో తెలుస్తుంది. వందకు రెండు మూడు దాటితే చికిత్స అవసరమని ఎక్కువమంది పెంపకందారులు భావిస్తారు. ఈగలను చంపడం ఇష్టం లేనివారు పొడి చక్కెరతో దులిపే పద్ధతి వాడవచ్చు, కానీ దాని లెక్క కొంత తక్కువ చూపుతుంది. నా దృష్టిలో మూడు వందల ఈగల నష్టం పెట్టె మొత్తం పోవడం కన్నా చిన్నదే.

మందు ఎంపికలో వేడి కీలకం. ఫార్మిక్ ఆమ్లం మూసిన అరల్లోకి కూడా చేరుతుంది కానీ పగటి వేడి 30 డిగ్రీలకు చేరే రోజుల్లో రాణికి, పిల్లలకు ప్రమాదం. ఆక్జాలిక్ ఆమ్లం ఈగల ఒంటి మీది నల్లులనే చంపుతుంది, మూసిన అరల్లోవాటిని తాకదు. ఏ మందైనా మీ ప్రాంతంలో అనుమతి ఉన్నదే, చీటీలో రాసిన మోతాదులోనే వాడాలి. సెరానాలో ఈ నల్లి దాదాపు పోతుటీగల అరల్లోనే పెరుగుతుంది కనుక అంత ముప్పు కాదు. సెరానా పెంచేవారు సంచి ఆకారంలో ఉబ్బి చచ్చిన పురుగుల కోసం, అంటే శాక్‌బ్రూడ్ వైరస్ కోసం చూడాలి. ఏ జాతిలోనైనా మూత కుంగి, చిల్లుపడిన అరలో పుల్ల పెట్టి లాగితే గోధుమరంగు జిగురు దారంలా సాగితే ఫౌల్‌బ్రూడ్ అనుమానించి, పెట్టె మూసేసి, చట్రాలు వేరే పెట్టెకు మార్చకుండా, సంబంధిత అధికారులకు తెలపాలి.

10. మీ జాగ్రత్త

మందపాటి దుస్తుల్లో వడదెబ్బ కుట్టుకన్నా పెద్ద ప్రమాదం. పనికి ముందు నీళ్లు తాగాలి, తల తిరిగినట్టుంటే పెట్టె మూసి నీడకు రావాలి. కుట్టినప్పుడు ముల్లును గోటితో గీకినా గిల్లి తీసినా పరవాలేదు, ఎంత త్వరగా తీశామన్నదే లెక్క. కుట్టిన చోట నుంచి వెలువడే హెచ్చరిక రసాయనానికి అరటిపండు వాసన ఉంటుంది, అది మిగతా ఈగలను పిలుస్తుంది, కనుక అక్కడ పొగ ఊదాలి. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, గొంతు లేదా నాలుక వాపు, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

11. వేసవి చివర బలహీన కుటుంబాలను కలపడం

రెండు బలహీన కుటుంబాలను విడివిడిగా లాక్కురావడం కన్నా ఒకటిగా చేయడం మేలు, అయితే అవి బలహీనపడింది రోగం వల్ల కాదని ముందు తేల్చుకోవాలి. రెండింటిలో తక్కువైన రాణిని తొలగించి, సాయంత్రం రెండో పెట్టె పిల్లల గది మీద ఒక వార్తాపత్రిక కాగితం పరిచి, దానికి రెండు మూడు సన్నని చీలికలు పెట్టి, రాణి లేని గదిని దానిపై ఉంచాలి. రెండు పెట్టెలూ దూరంగా ఉంటే, అంతకు ముందే వాటిని రోజుకు కొద్దికొద్దిగా దగ్గరికి జరపాలి. ఈగలు కాగితం కొరికి తొలిచేలోగా రెండు కుటుంబాల వాసనలు కలిసిపోతాయి, పోట్లాట ఉండదు. తీవ్రమైన వేడి ఉన్న రోజుల్లో పై గదిలోని ఈగలకు గాలి ఆడేలా పైమూతకు జాలీ పెట్టాలి. వారం తరువాత మూత తీసి, గుడ్లు ఉన్నాయో లేదో చూసి, మంచి చట్రాలను ఒకే గదిలోకి చేర్చి, ముసలి పట్టులను కరిగించడానికి పక్కన పెట్టవచ్చు.